దొరసానికి నీళ్లు పోసిన అవ్వ

మా అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. కోరుట్ల నుంచి రాయికల్ వైపు పోయే రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే మా ఊరు. ఊరి చివర మా వాడ, వాడ చివర పెంకుల కప్పుతో చిన్న ప్రార్థన మందిరం. ఆదివారం నాడు కోరుట్ల నుంచి పాస్టరు అయ్యగారు సైకిల్ మీద వచ్చేవాడు. అంతకంటే ముందే అవ్వ వెళ్లి మందిరం ఊడ్చి, చాపలు పరిచి కూర్చునేది. ఆమెకు చదువు రాదు కానీ పాటలన్నీ నోటికి వచ్చు. రాగం మాత్రం సొంతం. అయ్యగారు ఎత్తుకున్న పాట రెండో చరణానికి వచ్చేసరికి అవ్వ రాగంలోకి మారిపోయేది. ఆయన కూడా చేసేది లేక ఆమె వెనకాలే పాడేవాడు.

నేను చెబుతున్నది అన్నల, అంటే నక్సలైట్ల, కాలం నాటి సంగతి. నేనప్పుడు బడికి పోతున్న పిల్లను. జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లలో రైతు కూలీ సంఘాలు లేచాయి. మా ఊళ్లోనూ లేచింది. వెట్టి ఆగిపోయింది. అంతవరకు పిలిస్తే పోవాల్సిందే, పోతే కూలి అడగకూడదు. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన చిన్నప్పటి నుంచి దొర ఇంటికి మోతలు మోసి మోసి నడుము పాడు చేసుకున్నాడు. కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకునేవాడు. అందుకే సంఘం వచ్చిన నాడు మా ఇంట్లో పండగే. మీటింగులకు బాపు ముందు వరసలో కూర్చునేవాడు. అవ్వ కూడా పోయేది. కూలి పెంచాలని ఆడవాళ్లు పొలం దిగనప్పుడు అవ్వే అందరికంటే ముందు గట్టు మీద కూర్చుంది. ఇది ముందే చెప్పాలి. తరువాత ఆమె చేసింది చూసి, దొరల మీద భయభక్తులతో చేసిందని అనుకున్నవాళ్లు ఉన్నారు. అది నిజం కాదు.

ఊరి నడుమ ఎత్తయిన గోడలతో ఉండే దొర ఇంటిని గడి అనేవాళ్లం. సంఘం బలపడ్డాక దొర భార్యాపిల్లలను తీసుకుని జగిత్యాలకు వెళ్లిపోయాడు. ఆయన తల్లి, ముసలి దొరసాని, కదలనంది. "నేను గీ ఇంట్లకు కోడలుగ అచ్చిన, గీ ఇంట్లకెళ్లే పోత" అని తలుపు చెక్క పట్టుకుని కూర్చుందట. తోడుగా ఒక పనిమనిషిని ఉంచి దొర వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు సంఘం గడికి కట్టుబాటు పెట్టింది. చాకలి పోవద్దు, మంగలి పోవద్దు, నీళ్లు మోసేవాళ్లు పోవద్దు. పనిమనిషి కొడుకు వచ్చి తల్లిని తన ఊరికి తీసుకుపోయాడు. గడిలో దొరసాని ఒక్కతే మిగిలింది. అప్పటికే ఆమెకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది.

అవ్వకూ ఆ దొరసానికీ మధ్య ఒక విషయం ఉంది. దాన్ని నాకు అవ్వ చెప్పలేదు, బాపు చెప్పాడు. నాకంటే ముందు మా ఇంట్లో ఒక కొడుకు పుట్టాడు. చంకలో ఉండే పిల్లవాడు. గడిలో పెళ్లి పనులు జరుగుతున్నప్పుడు అవ్వను వడ్లు దంచడానికి వెట్టికి పిలిచారు. ఆ రోజు పిల్లవాడికి ఒళ్లు కాలిపోతున్నది. ఇంటికి పోయి పాలిచ్చి వస్తానని అవ్వ దొరసానిని అడిగింది. "దంచుడు అయినంక పో" అన్నది దొరసాని. దంచుడు అయ్యేసరికి పొద్దు కుంకింది. అవ్వ వచ్చి చేతుల్లోకి తీసుకునేసరికి పిల్లవాడి ఒళ్లు చల్లబడి ఉంది.

ఆ తరువాత చాలా కాలం అవ్వ ఎవరితోనూ మాట్లాడలేదట. కోరుట్లలో ప్రార్థనలకు పోయే ఒక బంధువు చెయ్యి పట్టుకుని తీసుకుపోతే, అక్కడ ఒక తల్లి కళ్ల ముందే కొడుకును సిలువ వేశారన్న మాట విన్నది. ఆ తల్లి ఎట్ల నిలబడ్డదో తెలుసుకోవాలని మళ్లీ పోయింది. అలా పోయి పోయి ప్రభువును నమ్ముకుంది. బాపు అడ్డు చెప్పలేదు కానీ మందిరం గుమ్మం మాత్రం ఎక్కలేదు. "నీ దేవుడు గడికి ఎదురు నిలవడితె అప్పుడు అస్త" అనేవాడు.

ఒక మధ్యాహ్నం నాట్ల నుంచి వస్తూ అవ్వ, నేను గడి గోడ పక్కగా నడుస్తున్నాం. లోపలి నుంచి ఒక అరుపు వినిపించింది. మాట సరిగ్గా పలకడం లేదు. కాసేపటికి అది "నీళ్లు" అని అర్థమైంది. అవ్వ ఆగింది. తరువాత నా చెయ్యి పట్టుకుని గబగబా ఇంటికి నడిచింది. అన్నం కలుపుకుంది కానీ ముద్ద ఎత్తలేదు. కంచం పక్కన పెట్టి మందిరానికి పోయింది. నేను వెనకాలే పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అవ్వ మోకాళ్ల మీద ఉంది. ప్రార్థన చేస్తున్నట్టు లేదు, ఎవరితోనో కొట్లాడుతున్నట్టు ఉంది.

"ఊరంత ఉన్నరు గద, ఇంకెవ్వరు దొరకలేదా నీకు? నేనే దొరికిన్నా? నా కొడుకును మరిసినవా?" అంటూ ఏడ్చింది. చాలాసేపటికి లేచి కళ్లు తుడుచుకుంది. నన్ను చూసి, "బిందె పట్కరా బిడ్డా" అన్నది.

నాకు కోపం వచ్చింది. "గామె కాడికి ఎందుకే?" అన్నాను.

"నాకు గూడ పోబుద్ధయితలేదు," అన్నది అవ్వ. "గని పొమ్మన్నడు."

గడి లోపల చీకటి, వాసన. మంచం మీద పక్కబట్టలన్నీ తడిసి ఉన్నాయి. దొరసాని తల తిప్పి "ఎవలే?" అన్నది. అవ్వ తానెవరో చెప్పింది. దొరసాని పెదవులు బిగించుకుంది. మా వాడ మనిషి చేతి నీళ్లు ఆ ఇంట్లో ఎవరూ తాగి ఎరగరు. అంతకు ముందైతే అవ్వ కూడా "నీ బాంచెన్" అని బానిసలా దూరంగా నిలబడేది. ఆ రోజు అనలేదు. మంచం దగ్గరికే పోయి గ్లాసు పట్టుకుని నిలబడింది.

"దొరసానీ, ఇప్పుడు నీకు నేనే ఉన్న. తాగుతె తాగు, లేకుంటె నేను ఇంటికి పోత. నాకు గూడ ఆకలైతున్నది."

దొరసాని తాగింది. సగం నీళ్లు పెదవి పక్క నుంచి కారిపోయాయి. అవ్వ కొంగుతో తుడిచింది. తరువాత పొయ్యి వెలిగించి నీళ్లు కాచి, ఆమెకు ఒళ్లంతా కడిగింది. దొరసాని స్నానం అయ్యేదాకా తిడుతూనే ఉంది. నీళ్లు కాలుతున్నాయని తిట్టింది, చల్లారాయని తిట్టింది. "నోరు మంచిగనే ఉన్నది, దేవుని దయ" అన్నది అవ్వ. నాకు నవ్వాగలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున పోయేది. గడిలో గింజ కూడా ముట్టేది కాదు. దొరసానికి జొన్న నూకతో కాచిన గటక మా ఇంటి నుంచే పోయేది. బాపు చూసి చూసి ఒక రోజు అరిచాడు. "గా గడి గుమ్మం నా పీనుగ గూడ తొక్కది. నువ్వు పోతవా? నీకు కడుపుకోత లేదా?"

"ఉన్నది," అన్నది అవ్వ. బిందె ఎత్తుకుని గడికి పోయింది.

ఆ ఆదివారం అవ్వ అయ్యగారిని అడిగింది, తాను చేస్తున్నది సరేనా అని. అయ్యగారు మంచి మనిషి, భయస్థుడు కూడా. సంఘం ఏమంటుందో, పోలీసులు ఏమనుకుంటారో అని ఆయన గుబులు ఆయనది. "పొమ్మని చెప్పే ధైర్యం నాకు లేదమ్మా. పోవద్దని చెప్పే అధికారం గూడ లేదు," అన్నాడు. తరువాత ఆమె కోసం మోకాళ్ల మీద ప్రార్థన చేశాడు.

అనుకున్నట్టే సంఘం నుంచి పిలుపు వచ్చింది. పంచాయితీ కట్ట మీద పొద్దున్నే కూర్చున్నారు. అడిగింది కల్లుగీత పని చేసే ఇంటి యువకుడు, సంఘంలో ముందుండేవాడు. మా ఇంటికి వచ్చి గటక తాగేవాడు, అవ్వను అక్కా అని పిలిచేవాడు.

"అక్కా, కట్టుబాటు నీకు తెల్వదా?"

"తెలుసు తమ్మీ."

"మరి గడికి ఎట్ల పోతున్నవ్? గామె నీకు ఏం జేసిందో ఊరంతటికి ఎర్క. నీ అసొంటోళ్ల కోసమే గీ కట్టుబాటు పెట్టింది."

"దొర భూమి దున్నకుండ్రి అంటె దున్న. కూలికి రావద్దంటె రాను. జెండ పట్టుమంటె పడత," అన్నది అవ్వ. "గని మంచంల వడ్డ మనిషికి నీళ్లు పొయ్యద్దంటె ఎట్ల తమ్మీ? గామె ఇప్పుడు దొరసాని గాదు, రోగిష్టిది. నేను నా దేవునికి మాటిచ్చిన. ఇగ మీరు ఏం శిక్ష ఏస్తరో ఏసుకోండ్రి."

వాళ్లలో వాళ్లు గొణుక్కున్నారు. ఒకరిద్దరు మమ్మల్ని కూడా కట్టుబాటులో చేర్చాలన్నారు. ఆ యువకుడు ఏమీ తేల్చకుండా లేచిపోయాడు. కానీ ఆ రోజు నుంచి మా ఇంటికి రావడం మానేశాడు. నాట్లకు పిలిచేవాళ్లు కూడా అవ్వను దాటుకుని పోయేవాళ్లు. బాపు మీటింగులో వెనక వరసకు జరిగాడు.

పంచాయితీ సంగతి ఎవరో జగిత్యాలకు మోశారు. దొర పోలీసులకు చెప్పుకున్నాడు. ఒక పొద్దున మా వాడలోకి పోలీసు జీపు వచ్చి ఆగింది. బాపు పొలంలో ఉన్నాడు. అవ్వ వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోస్తున్నది. జనం చుట్టూ మూగారు. ఆ యువకుడు కూడా వాళ్లలోనే ఉన్నాడు, తల మీద తువాలు కప్పుకుని. నాకు కనబడుతున్నాడు. అవ్వకూ కనబడుతున్నాడు.

"గడికి పోవద్దని నిన్ను బెదిరించింది ఎవడు?" అని అడిగారు.

"ఎవ్వరు బెదిరియ్యలే సార్. అడిగిండ్రు, చెప్పిన."

"అడిగినోడు ఎవడు?"

అవ్వ చేతులకున్న పసుపు దులుపుకుంది. "సార్, నేను నీళ్లు పోసేదాన్ని. మనుషులను పట్టిచ్చేదాన్ని గాదు."

లాఠీ ఎత్తినప్పుడు అవ్వ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దెబ్బ మణికట్టు మీద పడింది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడు. అవ్వ కూర్చుండిపోయింది, కానీ కళ్లెత్తి ఆ యువకుడు నిలబడ్డ వైపు మాత్రం చూడలేదు. చూస్తే దొరికిపోతాడని. జీపు వెళ్లిపోయాక వాడ ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరారు. అంతవరకు ముఖం తిప్పుకున్నవాళ్లే నీళ్లు తెచ్చారు, కొంగుతో విసిరారు, ఏడ్చారు.

కట్టు కట్టే ముసలాయన వెదురు బద్దలు పెట్టి గుడ్డు సొనతో కట్టు కట్టాడు. ఎముక అతికింది గానీ మణికట్టు కాస్త వంకరగానే మిగిలింది. మరునాడు మధ్యాహ్నం ఆ యువకుడు వచ్చి మా గుమ్మంలో కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు ఒక్క మాట అంటె నేను ఇయ్యాల్ల ఏడుందునో."

"గా మాట ఎట్లంటరా? అన్నం తిన్నవా?" అన్నది అవ్వ.

అతను తువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పోతూ పోతూ, "గడికి పో. ఎవ్వలేమనరు. నేను చూసుకుంట" అన్నాడు.

అయితే అంతకు ముందే, కట్టు కట్టిన మరునాడు పొద్దున్నే, ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. అవ్వ మామూలుగానే లేచి బిందె తీసుకుంది. ఎడమ చేత్తో ఎత్తబోయి ఎత్తలేకపోయింది. బాపు గోడ పట్టుకుని లేచాడు.

"ఏడికి?"

"గామెకు నీళ్లు పొయ్యాలె."

"ఒక్క చేత్తోని ఎట్ల పోస్తవే?"

"రెండోది నువ్వియ్యి."

బాపు తిడతాడనుకున్నాను. చివరికి తలకు తువాలు చుట్టుకుని బిందె అందుకున్నాడు. "లోపలికి రాను. గుమ్మం కాడ పెడత, గంతే" అన్నాడు. ఊరి నడుమ నుంచి మేము ముగ్గురం నడిచాం. బాపు ముందు, అవ్వ కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, వెనక నేను. జనం అరుగుల మీద నుంచి చూస్తూ ఉండిపోయారు. బాపు ఎవరి వైపూ చూడలేదు.

ఆ రోజు నుంచి అవ్వ చెబుతుంటే దొరసానికి ఒళ్లు రుద్దే పని నాది. బాపు బావి నుంచి నీళ్లు తోడి గుమ్మం దగ్గర పెట్టి, అవతలికి తిరిగి నిలబడేవాడు. దొరసాని తిట్లు కూడా తగ్గాయి. అవ్వ చేతికి ఏమైందని అడిగింది. అవ్వ కింద పడ్డానన్నది. దొరసాని నమ్మలేదు. గోడల అవతల జరిగేది ఆమెకు ఏదో ఒకలా తెలుస్తూనే ఉండేది.

ఒక పొద్దున నేను ఆమె జుట్టు దువ్వుతున్నాను. దొరసాని గుమ్మం వైపు చూసి, "గాడ నిలవడ్డది నీ పెనిమిటా?" అని అవ్వను అడిగింది.

"ఔ దొరసాని."

తరువాత మాట కూడదీసుకుని, "నీ పిలగాడు... ఉంటె గిప్పుడు ఎంతుండు?" అన్నది.

అవ్వ మడత పెడుతున్న బట్ట చేతిలోనే ఉండిపోయింది. బాపు ఇటు తిరిగాడు. అన్నేళ్లలో ఆ పిల్లవాడి మాట గడి నోట వినడం అదే మొదలు.

"పెండ్లీడుకు అస్తుండె దొరసాని," అన్నది అవ్వ.

దొరసాని ఏడ్చింది. ఒక పక్క ముఖం ముడతలు పడింది, పక్షవాతం వచ్చిన పక్క అలాగే ఉంది. క్షమించమని ఆమె అడగలేదు. క్షమించానని అవ్వ కూడా అనలేదు. మంచం పట్టె మీద కూర్చుని ఆమె కళ్లు తుడిచింది. తాను కూడా అదే బట్టతో కళ్లు తుడుచుకుంది. బాపు ఖాళీ బిందె తీసుకుని బావి దగ్గరికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు గుమ్మం దగ్గర ఆగలేదు. నీళ్లు లోపలికే తెచ్చి మంచం పక్కన పెట్టాడు.

వరి పొట్టకొచ్చే కాలానికి దొరసాని పోయింది. పొద్దున మేము పోయేసరికి నిద్రలోనే ఉన్నట్టుంది. అవ్వ ఆమెకు కడసారి నీళ్లు పోసి, పెట్టెలో ఉన్న మంచి చీర తీసి కట్టింది. కబురు అందుకుని దొర జగిత్యాల నుంచి వచ్చాడు. పోలీసులు దూరంగా నిలబడ్డారు. సంఘం వాళ్లు అడ్డం రాలేదు. బాపు ఎవరూ పిలవకుండానే గొడ్డలి తీసుకుని పోయి కాష్ఠానికి కట్టెలు కొట్టి ఇచ్చాడు. ఇంటికి వచ్చి, "ఇది వెట్టి గాదు, నా ఇష్టంగ కొట్టిన" అన్నాడు.

దొర పోయేముందు అవ్వ దగ్గరికి వచ్చాడు. ఆమె చెయ్యి చూసి చూపు తిప్పుకున్నాడు. "ఏమన్న గావాలంటె చెప్పు" అన్నాడు.

"మా వాడోళ్ల చెల్కలు మా వాడోళ్లకు ఇడువుండ్రి దొరా. నాకొక్కదానికి గాదు, అందరికి," అన్నది అవ్వ. ఆయన వెనుదిరిగి జగిత్యాలకు వెళ్లిపోయాడు. దొర ఆక్రమించుకున్న ఆ మెట్ట భూములు అప్పుడే రాలేదు. చాలా ఏళ్లు, చాలా తగాదాల తరువాత, కొన్ని వచ్చాయి.

బాపు తరువాతి ఆదివారమే మందిరానికి వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నాడు. మరుసటి వేసవిలో కాలువలో బాప్తిస్మం తీసుకున్నాడు. నడుము వంగదని ముందే భయపడ్డాడు. అయ్యగారు ముంచబోతే ఆయన మెడ పట్టుకుని వేలాడాడు. ఇద్దరూ కలిసే మునిగారు. ఒడ్డున అవ్వ నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. ఆ రోజు వాడంతటికీ మా ఇంట్లోనే అన్నం.

ఆ యువకుడు అన్నలతో అడవికి పోతాడని అవ్వ చాలా బెంగ పెట్టుకుంది, ప్రార్థన చేసింది. అతను కొంతకాలం ఊరొదిలి తిరిగి, చివరికి దుబాయి పోయాడు. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు అవ్వకు పెద్ద పూల దుప్పటి తెచ్చాడు. మా ఎండలకు అది ఎందుకూ పనికిరాదు. అయినా అవ్వ చలికాలం కోసం ఎదురు చూసి మరీ కప్పుకునేది. ఇప్పుడు మెట్‌పల్లిలో పసుపు వ్యాపారం చేసుకుంటున్నాడు, మనవలున్నారు.

నేను చదివి నర్సునయ్యాను. సిరిసిల్ల ఆసుపత్రిలో ఉద్యోగం. పెళ్లి కూడా అక్కడే. అవ్వ, బాపు చివరి ఏళ్లు మా దగ్గరే గడిపారు. మా వీధిలో పొద్దస్తమానం సాంచెలు ఆడుతుంటాయి. మొదట్లో ఆ మగ్గాల చప్పుడుకు బాపు చెవులు మూసుకునేవాడు. తరువాత కరెంటు పోయి అవి ఆగిపోతే నిద్ర లేచి "ఏమైంది?" అనేవాడు.

ఒకసారి అవ్వను అడిగాను. "మనకు గంత కష్టం దేవుడే పెట్టిండంటవా?"

అవ్వ చిక్కుడుకాయలు తుంచుతూ ఆలోచించింది. "దేవుడు ఎందుకు పెడతడు బిడ్డా? మనుషులు పెట్టిండ్రు. నా కొడుకును దేవుడు తీస్కపోయిండంటె నేను ఒప్పుకోను. పోయి నీళ్లు పొయ్యుమన్నది మాత్రం దేవుడే. గది నాకు మంచిగ ఇనవడ్డది."

"అప్పటికే గామె మీద నీకు ప్రేమ అచ్చిందా?"

"ఏడ ప్రేమ! కండ్లు మండుతుండె గామెను చూస్తె. పోంగ పోంగ అలవాటైంది. అలవాటైనంక పాపమనిపిచ్చింది. ప్రేమ అనేది శానా దినాలకు అచ్చింది. ముందు గది రానియ్యి, అప్పుడు పోత అనుకుంటె, నేను గాడికి పోకనే పోదును."

ప్రసంగాల్లో త్యాగం, విధేయత అన్న మాటలు విన్నప్పుడల్లా నాకు అవ్వ ఆ మధ్యాహ్నం మందిరంలో చేసిన కొట్లాట గుర్తొస్తుంది. సిలువకు ముందు రాత్రి ప్రభువు కూడా తోటలో, ఆ శ్రమల గిన్నె తన నుంచి తొలగించమనే ముందు అడిగాడు కదా. ఇష్టం లేకపోవడం పాపం కాదని, ఇష్టం లేదని చెప్పి కూడా లేచి పోవచ్చని నేను అవ్వను చూసి తెలుసుకున్నాను. అది నా ఉద్యోగానికి చాలా అక్కరకొచ్చింది.

ఒక రోజు వార్డులో ఒక పేషెంటు నన్ను నానా మాటలు అన్నాడు. కట్టు మారుస్తుంటే చెయ్యి విసిరికొట్టాడు. ఇంటికి వచ్చి అవ్వ ముందు కూర్చుని కోపమంతా కక్కేశాను. అంతా విని, "రేపు గూడ పోతవ్ గద?" అన్నది.

"పోవాలె గద అవ్వా. డ్యూటీ."

"గంతే మరి," అని లేచి నా కంచంలో అన్నం పెట్టింది. ఆ పూట పచ్చిపులుసు చేసింది. వేయించిన ఎండుమిరపకాయ నలిపి, ఉల్లిగడ్డ బాగా పిసికి. నేను రెండుసార్లు పోయించుకున్నాను.